చిరాకును కొట్టిపారేయకండి, రాసిపెట్టండి

హైదరాబాద్ కోకాపేటలో ఉంటూ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉద్యోగం చేసే అమ్మాయిల ఫోన్లలో రిలీజ్ తేదీలుంటాయి, ఈఎంఐ తేదీలుంటాయి, పీరియడ్స్ యాప్ కూడా ఉంటుంది. ఆ యాప్‌లో చాలామంది నింపేది డేట్ వచ్చిన రోజు ఒక్కటే. పనికొచ్చే సంగతులన్నీ మిగతా రోజుల్లో ఉన్నాయి.

నెలసరి మొదలయ్యాక అండం విడుదలయ్యేదాకా ఈస్ట్రోజెన్ పెరుగుతూ పోతుంది. మనసును తేలికపరిచే సెరటోనిన్, పనిలోకి ఉసిగొలిపే డోపమైన్‌ల మీద దాని ప్రభావం ఉంటుంది. చాలామందికి ఆ రోజులు హుషారుగా గడుస్తాయి. ఆ తర్వాత ప్రొజెస్టెరాన్ వంతు. దాని నుంచి తయారయ్యే అల్లోప్రెగ్ననోలోన్ మెదడును శాంతపరిచే గాబా వ్యవస్థ మీద పనిచేస్తుంది. కొందరికి దాంతో మత్తుగా ఉంటుంది, ఇంకొందరికి చిరాకు పుడుతుంది. ఒంటి వేడి 0.3 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది, కొందరికి నిద్ర పలచబడుతుంది. నెలసరి దగ్గరపడేసరికి రెండు హార్మోన్లూ పడిపోతాయి. అమెరికా టీమ్‌తో రాత్రి 11 గంటల కాల్స్ సరిగ్గా ఆ వారంలోనే పడితే ఇంట్లో గిన్నె చప్పుడు కూడా భరించలేం. ఇందులో మీ తప్పేం లేదు.

అయితే ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఈ మార్పులతో తెలివి తగ్గదు. 2025లో ప్లోస్ వన్ పత్రికలో వచ్చిన ఒక విశ్లేషణ వందకు పైగా అధ్యయనాలను కలిపి చూసింది. పరిశీలించిన ఆలోచనా సామర్థ్యాల్లో దేనిలోనూ నెలసరి దశలను బట్టి నికరమైన తేడా కనిపించలేదు. కాబట్టి ‘ఈ వారం ప్రెజెంటేషన్ వద్దులే’ అని మీకు మీరే వెనక్కి తగ్గకండి. కష్టంగా అనిపించవచ్చు, కానీ చేయగలరు.

మీటింగ్‌లో గట్టిగా మాట్లాడితే ‘ఆ రోజులేమో’ అని గుసగుసలాడేవాళ్లున్నారు. అది అన్యాయం. నెలసరికి ముందు వారంలో వచ్చే కోపానికి చాలాసార్లు అసలైన కారణమే ఉంటుంది. మీ పనికి రావాల్సిన పేరు ఇంకొకరు కొట్టేశారనో, ఇంటి పనంతా మీ మీదే పడిందనో. అలాంటప్పుడు మీ ఫిర్యాదును తేదీతో సహా రాసిపెట్టండి. రాజీనామా మెయిల్ టైప్ చేసి డ్రాఫ్ట్‌లో ఉంచండి. నెలసరి వచ్చిన వారానికి మళ్లీ చదవండి. అప్పుడూ అలాగే మండుతుంటే మాట్లాడి తేల్చుకోవాల్సిందే. రోజూ పడుకునే ముందు నిద్ర, ఓపిక, మనసు, ఈ మూడింటికీ పదికి ఎన్ని మార్కులో వేయండి, చాలు. రెండు నెలలు గడిచాక మీ సరళి మీకే తెలుస్తుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో చెప్పే ‘ఈ వారం ఇదే తినాలి, ఈ వారం ఇదే వ్యాయామం’ పట్టికల కంటే మీ రాతలు నమ్మదగినవి.

ఓపిక మార్కులు నెలంతా తక్కువగానే ఉన్నాయా? హార్మోన్లను నిందించే ముందు హిమోగ్లోబిన్, ఒంట్లో ఐరన్ నిల్వలను చెప్పే ఫెరిటిన్ పరీక్షలు చేయించుకోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఐటీ జీతం ఉన్నంత మాత్రాన ఇది మనల్ని వదిలిపెట్టదు. డాక్టర్ ఐరన్ మాత్ర రాస్తే ఇరానీ చాయ్‌తో కలిపి మింగకండి, టీ ఐరన్‌ను ఒంటికి సరిగా పట్టనివ్వదు. నిమ్మరసంతో వేసుకోండి. బ్లీడింగ్ ఏడు రోజులు దాటినా, గంటకో ప్యాడ్ మార్చాల్సి వచ్చినా గైనకాలజిస్ట్‌ను కలవాలి.

ప్రతి నెలా నెలసరికి ముందు వారంలో బతకాలనిపించనంత దిగులు వచ్చి, నెలసరి మొదలయ్యాక తగ్గిపోతోందా? అది పీఎండీడీ (ప్రీమెన్‌స్ట్రువల్ డిస్ఫోరిక్ డిజార్డర్) కావచ్చు. దీన్ని 2013లో మానసిక రుగ్మతల నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5లో ప్రత్యేక రుగ్మతగా చేర్చారు. చికిత్స ఉంది, కొందరికి నెలలో రెండు వారాలు మందులు వాడితే సరిపోతుంది. నిర్ధారణకు డాక్టర్లు అడిగేది కూడా రెండు నెలల రోజువారీ రాతలే. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం రాతల కోసం ఆగకండి. వెంటనే ఇంట్లోవాళ్లకు చెప్పండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. అది ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.