సేనాపతి బాధ్యత, వ్యక్తి దోషము
పోటీ పరీక్షల ప్రత్యేకం

తాను స్వయముగ చేయక, చేయుమని ఆజ్ఞాపించినట్లు రుజువును లేని ఘాతుకమునకు సేనాపతి దండనార్హుడగునా యను ప్రశ్న, 1945లో మనీలాయందు జపాను సేనాని యమషితాపై జరిగిన విచారణతో లోకప్రసిద్ధమయ్యెను. అమెరికా సుప్రీంకోర్టు 1946 ఫిబ్రవరిలో ఆ సైనిక విచారణసంఘమునకు అధికారము కలదని తీర్పు చెప్పగా మర్ఫీ, రట్లెడ్జి అను న్యాయమూర్తులు విభేదించిరి. వారి వాదమే నాకు బలవత్తరముగ తోచును. అయినను ఆ నెలలోనే ఉరి అమలయ్యెను.

పైవారి యాజ్ఞను పాటించితినన్న సాకును నూరెంబర్గు శాసనపత్రము 8వ అధికరణము త్రోసిపుచ్చి, శిక్ష తగ్గింపునకు మాత్రమే దానిని పరిగణింపవచ్చుననెను. టోక్యో యుద్ధనేర విచారణలో మన న్యాయమూర్తి రాధావినోద్ పాల్ నిందితులెల్లరును నిర్దోషులని 1948లో భిన్నతీర్పు వ్రాసెను.

నేటి సూత్రము అంతర్జాతీయ నేరన్యాయస్థానపు రోమ్ శాసనము 28వ అధికరణమున నున్నది: సేన తన వాస్తవాధీనమున నుండగా, నేరము జరుగుచున్నదని ఎరిగియో, ఎరుగవలసియుండియో, నివారింపక, విచారణకు నప్పగింపక మిన్నకున్న సేనాధిపతి దోషి. ఈ సూత్రము క్రిందనే 2016లో దోషియైన కాంగో నాయకుడు బెంబా, 2018లో అప్పీలున విడుదలయ్యెను.

బళ్లారి విద్యార్థులు సమీపోదాహరణమునుగూడ గుర్తింపవలెను. ఈ జిల్లా మద్రాసు రాష్ట్రముననుండి, తుంగభద్ర ఆవలియొడ్డు నిజాము రాజ్యమైయున్న 1948లో పట్టుబడిన రజాకార్ల నాయకుడు కాసిం రజ్వీ, అంతర్జాతీయ న్యాయస్థానమున గాక దేశీయ శిక్షాస్మృతి క్రిందనే విచారింపబడి 1957 వరకు చెరనుండెను. రోమ్ శాసనముపై భారతదేశము సంతకము చేయలేదు. జెనీవా ఒడంబడికల ఘోరోల్లంఘనలకు మనకు వర్తించునది 1960 నాటి చట్టము.