పారాగ్లైడింగ్: కొండ ఎక్కే ముందు గాలిని చదవాలి

విశాఖపట్నం నుంచి అరకు మీదుగా కిరండూల్ వెళ్లే రైలు దారిలో జగదల్‌పూర్ ఉంది. సముద్రమట్టానికి సుమారు 550 మీటర్ల ఎత్తున ఉన్న ఈ బస్తర్ పట్టణంలోని భారత వాతావరణ శాఖ కేంద్రం నుంచి వాతావరణ బెలూన్లను ఎగరేస్తారు. ప్రపంచ వాతావరణ సంస్థ జాబితాలో ఈ కేంద్రం సంఖ్య 43041. బెలూన్‌కు వేలాడే రేడియోసాండ్ అనే చిన్న పరికరం పైకి పోతూ ఉష్ణోగ్రత, తేమ, పీడనం, గాలి వివరాలను కిందికి పంపుతుంది. వాన సూచనకు పనికొచ్చే ఈ కొలతలే, కొండ మీది నుంచి ఎగరడం ఎప్పుడు క్షేమమో కూడా చెబుతాయి.

ఇంజన్ లేకుండా పైకి ఎలా?

పారాగ్లైడర్ తన చుట్టూ ఉన్న గాలిలో ఎప్పుడూ కిందికే జారుతుంది. ఆ వేగం సెకనుకు సుమారు 1 మీటరు. గాలే సెకనుకు 3 మీటర్ల వేగంతో పైకి లేస్తుంటే, పైలట్ 2 మీటర్ల చొప్పున ఎత్తుకు చేరతాడు. కొండవాలును తాకిన గాలి పైకి మళ్లుతుంది. ఎండకు వేడెక్కిన నేల నుంచి కూడా గాలి లేస్తుంది. దీన్నే థర్మల్ అంటారు. అడవి, చెరువుల కంటే బండరాళ్లు, దున్నిన పొలాలు త్వరగా వేడెక్కుతాయి. గద్దలు రెక్కలాడించకుండా చుట్టూ తిరుగుతూ ఎత్తుకు పోయేది థర్మల్స్ లోనే.

బెలూన్ చెప్పే లెక్క

పైకి లేచే పొడిగాలి వ్యాకోచించి, ప్రతి కిలోమీటరుకు 9.8 డిగ్రీల సెల్సియస్ చల్లబడుతుంది. చుట్టూ ఉన్న గాలి కంటే వెచ్చగా ఉన్నంతవరకే అది పైకి పోతుంది. తెల్లవారుజామున నేల దగ్గర చల్లగా, పైన వెచ్చగా ఉంటే ఆ పొర మూతలా పనిచేస్తుంది. ఎండ ముదిరి ఆ మూత తొలగాక థర్మల్స్ బలపడతాయి.

మేఘాల అడుగు ఎత్తునూ అంచనా వేయవచ్చు. నేల దగ్గరి ఉష్ణోగ్రతకూ, ఆవిరి నీటిబిందువులుగా మారే తుషార స్థానానికీ ఉన్న తేడాను 125తో గుణించాలి. ఉదాహరణకు 34, 14 డిగ్రీలైతే నేల నుంచి 2,500 మీటర్లు. 34, 22 అయితే 1,500 మీటర్లే.

మేఘం లాక్కుంటే

ఆవిరి నీరుగా మారేటప్పుడు గుప్తోష్ణం విడుదలై గాలి ఇంకా వేగంగా లేస్తుంది. ఉరుముల మేఘానికి బలం ఇదే. 2007 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియాలోని మనీలా వద్ద జర్మనీ పైలట్ ఎవా విస్నియర్స్కాను అలాంటి మేఘం 9,946 మీటర్ల ఎత్తుకు లాక్కుపోయింది. స్పృహ తప్పినా ఆమె ప్రాణాలతో దిగింది. అదే తుఫానులో చిక్కుకున్న మరో పైలట్ మరణించాడు. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో బస్తర్ మీద పెరిగే ఉరుముల మేఘాలదీ ఇదే భౌతికశాస్త్రం.

కొండ వెనుక ప్రమాదం

గాలి ఎదురొచ్చే వాలు పైకి మోస్తుంది. వెనుక వాలులో అదే గాలి సుడులు తిరిగి రెక్కను ముడుచుకుపోయేలా చేస్తుంది. 2015లో పారాగ్లైడింగ్ ప్రపంచ కప్ పోటీ జరిగిన హిమాచల్‌లోని బీర్-బిల్లింగ్‌లో సుమారు 2,400 మీటర్ల ఎత్తు నుంచి ఎగురుతారు. వానాకాలంలో, జూలై 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు, అక్కడ ఎగరడం నిషిద్ధం.

బెలూన్ ఆ ప్రాంతపు గాలి స్వభావాన్ని చెబుతుంది కానీ, ఒక్కో వాలు మీది సుడిని చూపదు. అందుకే ఉదయం కొలతలు చదివిన పైలట్ కొండ మీదా ఆకాశం చూడాలి. మేఘం నిలువుగా పెరుగుతుంటే ఆ రోజు నేల మీదే ఉండడం మేలు.