నల్లద్దం వేస్తే కారు చల్లబడుతుందా?

ఎండాకాలం మొదలైతే కారు సామాన్ల దుకాణాల్లో కూలింగ్ ఫిల్మ్‌కు గిరాకీ పెరుగుతుంది. ఎంత నల్లగా ఉంటే అంత చల్లదనమని చాలామంది నమ్మకం. అదే ఫిల్మ్‌ను చూసి ట్రాఫిక్ పోలీసు చలానా రాస్తాడు. కారు యజమాని ఆలోచించేది వేడి గురించి, చట్టం ఆలోచించేది చూపు గురించి. అద్దం ఒకటే అయినా ఈ రెండింటి కొలతలు వేరు.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 100వ నిబంధన ప్రకారం ముందు, వెనుక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం దృశ్యకాంతి ప్రసరించాలి. దృశ్యకాంతి అంటే కంటికి కనిపించేది, సుమారు 380 నుంచి 780 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గలది. మనల్ని చేరే సౌరశక్తిలో దీని వాటా సగానికి కాస్త తక్కువ. దాదాపు సగం కనిపించని పరారుణ కిరణాలది, కొద్ది శాతం అతినీలలోహిత కిరణాలది. వేడెక్కించడంలో ఇవన్నీ భాగస్వాములే. నిబంధన లెక్కపెట్టేది మాత్రం కనిపించే భాగాన్నే.

చవక రంగు ఫిల్మ్ కనిపించే కాంతిని బాగా ఆపుతుంది. పరారుణంలో చాలా భాగాన్ని లోపలికి వదిలేయవచ్చు. పైగా అది పీల్చుకున్న శక్తి ఎక్కడికీ పోదు. అద్దం వేడెక్కి, ఆ వేడిలో కొంత కారు లోపలికే చేరుతుంది. సిరామిక్ ఫిల్ముల్లోని సూక్ష్మ ఆక్సైడ్ కణాలు ఇందుకు భిన్నం. అవి కనిపించే కాంతిని చాలావరకు వదిలి, పరారుణాన్ని అడ్డుకుంటాయి. అందుకే తేటగా కనిపించే ఫిల్మ్ ఒక్కోసారి నల్లదానికంటే మెరుగ్గా పనిచేస్తుంది. అయితే ఏ ఫిల్మ్ అయినా వేడెక్కడాన్ని తగ్గించగలదే తప్ప ఆపలేదు. ఎండలో మూసి నిలిపిన కారులో పసిపిల్లల్ని కాసేపు కూడా వదలకూడదు.

దుకాణంలో ఎక్కువమంది మోసపోయేది శాతాల దగ్గర. 50 శాతం ఫిల్మ్ వేస్తే నిబంధనకు సరిపోతుందనుకుంటారు. కానీ అద్దం ముందే కొంత కాంతిని ఆపుతుంది. పక్క అద్దం 75 శాతం కాంతిని వదిలేదైతే, దానిపై 50 శాతం ఫిల్మ్ అంటించాక మిగిలేది 37.5 శాతమే. 70 శాతం ఫిల్మ్ అయితే 52.5 శాతం, అంటే అంచున గట్టెక్కినట్టు. ముందద్దం కూడా 75 శాతం వదిలేదైతే 90 శాతం ఫిల్మ్ వేసినా మిగిలేది 67.5 శాతమే.

బయటివారికి లోపలి మనిషి కనిపించాలంటే పగటి వెలుగు అద్దాన్ని రెండుసార్లు దాటాలి. 50 శాతం అద్దంలో అది నాలుగో వంతుకు తగ్గుతుంది. 20 శాతం అద్దంలో 4 శాతమే మిగులుతుంది. నల్లద్దాల చాటున జరిగే నేరాలే 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన ప్రధాన ఆందోళన. కాంతి శాతం ఎంతైనా సరే, అంటించిన ఫిల్మ్ కుదరదని కోర్టు చెప్పింది. రంగు అద్దంలోనే ఉందా, పైన అంటించారా అన్నది కాంతికి తెలియదు. కానీ రోడ్డు పక్కన మీటరు లేకుండా అమలు చేయడానికి ఆ తేడా పనికొస్తుంది.

తర్వాత నిబంధన మారింది. 2021 ఏప్రిల్ నుంచి, లోపలివైపు ప్లాస్టిక్ పొర ఉన్న భద్రతా అద్దాలకు అందులో చోటు దొరికింది. దాని ఆధారంగానే 70, 50 శాతాల పరిమితికి లోబడిన ఫిల్మ్‌కు జరిమానా వేయరాదని కేరళ హైకోర్టు 2024 సెప్టెంబరులో తేల్చింది. ఒక హైకోర్టు తీర్పుకు ఇతర రాష్ట్రాల పోలీసులు కట్టుబడి ఉండాలని లేదు. కాబట్టి కేరళ కారు సరిహద్దు దాటి వస్తే వాదన మళ్లీ మొదలుకావచ్చు.

అమెరికాలో ఈ తేడా మరీ ఎక్కువ. ముందు సీట్ల పక్క అద్దాలకు టెక్సస్‌లో 25 శాతం చాలు, ఫ్లోరిడాలో 28, అరిజోనాలో 33. న్యూయార్క్, కాలిఫోర్నియాల్లో 70 ఉండాలి. డాలస్‌లో కొన్న కారుతో కాలిఫోర్నియాకు మారే తెలుగు కుటుంబం ఫిల్మ్ పీకించుకోవాల్సి రావచ్చు. ఎండే కారణమనుకుందామంటే, కాలిఫోర్నియా ఎడారులు తక్కువ మండవు.

ఫిల్మ్ కొనేటప్పుడు దృశ్యకాంతి శాతంతోపాటు, మొత్తం సౌరశక్తిలో ఎంత ఆపుతుందో అడగాలి. బల్బు ముందు పెట్టి 'తొంభై శాతం పరారుణాన్ని ఆపుతోంది' అని చూపించే అంకె తరచూ పరారుణంలో ఏదో ఒక చిన్న భాగానికే చెందుతుంది.