వానకాలం సలహాలు: క్యూఆర్ కోడ్ చూశాక లాట్ నంబరూ చూడండి

మృగశిర కార్తె ముందు పత్తి విత్తనం కొనే రైతులు ప్యాకెట్ మీది క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేయించండి. ఉస్మానియా క్యాంపస్‌లో చదివే పిల్లలు సెలవులకు ఊరొచ్చి ఉంటే దుకాణానికి వెంట తీసుకెళ్లండి. 1994లో జపాన్‌లో కార్ల విడిభాగాల లెక్క కోసం పుట్టిన కోడ్ ఇది. కాగితం మీద అచ్చేస్తే చాలు, ఖర్చు పైసల్లోనే. ఈ కోడ్‌తో విత్తనం ఎక్కడ పండిందో, ఎవరి చేతులు మారిందో తెలియడానికి కేంద్రం 2023లో సాథీ పోర్టల్ తెచ్చింది.

అయితే అచ్చేసిన కోడ్‌ను నకిలీ వ్యాపారి కూడా అచ్చేయగలడు. అందుకే ఫోన్‌లో కనిపించిన లాట్ నంబరు, ప్యాకెట్ మీదిది, బిల్లు మీదిది మూడూ ఒకటేనా చూడండి. కంపెనీ ప్రకటన మాత్రమే తెరుచుకుంటే దాన్ని రుజువుగా తీసుకోవద్దు. వరి వంటి ధ్రువీకరణ విత్తనానికి నీలం ట్యాగు ఉండాలి. హైబ్రిడ్ పత్తికి మొలక కనీసం 75 శాతం ఉండాలి. ఏ కోడూ మొలకెత్తించదు కాబట్టి ఒక్కో లాట్ నుంచి 50 గింజలు తడి గోనెలో చుట్టి పరీక్షించండి. ఖాళీ ప్యాకెట్, బిల్లు, గుప్పెడు విత్తనం పంట చేతికొచ్చేదాకా దాచండి. నష్టపరిహారం అడగాలంటే అవే ఆధారం.

గులాబీ రంగు పురుగు కోసం పెట్టే లింగాకర్షక బుట్టల సంగతి వేరు. ఉస్మానియా క్యాంపస్ దాటితే తార్నాకలో ఐఐసీటీ (భారతీయ రసాయన సాంకేతిక సంస్థ) ఉంది, ఈ బుట్టల్లో పురుగును రప్పించే వాసనల (ఫెరమోన్ల) మీద ఏళ్లుగా పనిచేస్తున్న సంస్థ. బుట్టలో పెట్టే ఫెరమోన్ ఎర ఎండకు సత్తువ కోల్పోయినా కంటికి తెలియదు. పోలియో టీకా సీసాల మీద 1996 నుంచి వేడికి రంగు మారే చిన్న గుర్తు ఉంటోంది. లోపలి చదరం చుట్టూ ఉన్న వలయమంత ముదిరితే ఆ టీకా వాడరు. అలాంటి చవక చీటీ ఎరల మీద, రైజోబియం, ట్రైకోడెర్మా వంటి జీవ ఎరువుల, జీవ మందుల ప్యాకెట్ల మీద కూడా రావాలి. కోడ్ కంటే రైతుకు అదే ఎక్కువ అక్కర. తార్నాక ప్రయోగశాలలు, విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర విభాగాలు దీన్ని చేతిలోకి తీసుకోవాలని కోరుతున్నాను.

అప్పటిదాకా ఎరలు ఫ్రిజ్‌లో ఉంచే దుకాణంలోనే తయారీ తేదీ చూసి కొనండి. ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు. విత్తిన 45 రోజులకు ఎకరాకు రెండు బుట్టలు కట్టండి. వరుసగా మూడు రాత్రులు బుట్టకు 8 చొప్పున రెక్కల పురుగులు పడితే వెంటనే వ్యవసాయ విస్తరణ అధికారిని అడిగి మందు కొట్టండి.