పెరటి కొలను - పూడికతీత

పెరటిలో చిన్న కొలను కట్టి, తామర నాటి, నాలుగు చేపలను విడుచుకొన్న గృహస్థునకు రెండు మూడేండ్ల వరకు దానితో పెద్ద పని యుండదు. పిమ్మట రాలిన ఆకులు, చేపల మలము, వానకు కొట్టుకొనివచ్చిన మన్ను అడుగున చేరి నల్లని బురదయగును. గాలి సోకని ఆ బురదను కదిపినచో కుళ్లిన గ్రుడ్ల వాసన వచ్చును. ఆ వాయువు చేపలకు విషము. కావున చేపలను వేరుచేసిన తరువాతనే అడుగు ముట్టవలెను.

మాఘ ఫాల్గుణములు ఇందులకు తగిన కాలము. నడివేసవిలో చేయరాదు. నీరు వేడెక్కినకొలది అందలి ప్రాణవాయువు తగ్గును; పట్టి తీయునప్పటి అలజడికి చేపలు తాళలేవు.

ఈ పనిలో సోమరితనము కంటె అతిశుభ్రతయే ఎక్కువ చేటు చేయును. నీరంతయు పారబోసి, గోడలను బ్లీచింగు పొడితో తోమి, కొళాయినీరు నింపి, ఆ సాయంకాలమే చేపలను వదలువారు కలరు. తెల్లవారుసరికి చేపలు వెల్లకిల తేలుటయు కలదు. కొళాయినీటిలోని క్లోరిను వాటి మొప్పలను చెఱచును. అంతియే కాదు, గోడల జిగురుపొరలో, గులకరాళ్లపై నివసించు సూక్ష్మజీవులు చేపలు విసర్జించు అమ్మోనియాను తొలుత నైట్రైటుగను, పిదప అంతగా హాని చేయని నైట్రేటుగను మార్చుచుండును. వాటిని తోమివేసినచో మరల నెలకొనుటకు వారములు పట్టును. నీటిమట్టమునకు పైనున్న అంచును మాత్రము గట్టిగా రుద్దవలెను. డెంగ్యూ దోమ గ్రుడ్లు అచ్చట అంటుకొని, ఎండియు నెలల తరబడి జీవించును.

పాతనీటిలో మూడవవంతైనను వెడల్పైన తొట్టిలో పట్టి, చేపలను అందుంచి, నీడను పెట్టి, ఎగిరి పడకుండ వలగుడ్డ కప్పవలెను. తామరదుంపలను తడిగోనెలో చుట్టి యుంచవలెను. వాటి కొనమొలక విరిగినచో దుంప కుళ్లును. తీసిన బురదను ఒక రాత్రి గట్టుననే యుంచినచో నత్తలు, తూనీగ పిల్లలు కొన్నియైనను నీటికి చేరుకొనును. దయను ధర్మమునకు మూలముగా నెంచువారికి ఈ ఒక్క రాత్రి ఆలస్యము బరువు కాదు.

కొళాయినీటిని ఒక దినము వెడల్పైన పాత్రలలో నిలిపి, పాతనీటితో కలిపి నింపవలెను. చేపలున్న తొట్టిలో కొలనునీటిని కొద్దికొద్దిగా కలుపుచు, అరగంట పిమ్మట వాటిని విడువవలెను. కొన్నాళ్లు మేత తగ్గించుట మేలు.

ఇక తీసిన చెత్త మాట. గుఱ్ఱపుడెక్క దక్షిణ అమెరికానుండి వచ్చినది. దాని విత్తనములు బురదలో ఏండ్ల తరబడి మొలకశక్తితో నుండును. సొన్నలిగెలో సిద్ధరాములు ఊరికై చెరువు త్రవ్వించిన కథ విన్నవారు తమ పెరటి కలుపును ఊరిచెరువులో పారవేయరు. మొక్కలను బాగుగ ఎండబెట్టి ఎరువుగుంటలో వేయవలెను. బురదను కాలువలో గాక, కొబ్బరి, అరటి పాదులకు వేయవలెను.