డ్రమ్ము తిరుగుతుంది, వేడే లేదు

న్యూజెర్సీలో ఉంటున్న మా చిన్నాయన కొడుకుది కోరుట్ల. చలికాలంలో ఓ రాత్రి ఫోన్ చేశాడు. "అన్నా, గ్యాస్ డ్రయ్యర్ తిరుగుతున్నది గని వేడైతలేదు. గంట తిప్పినా బట్టలు తడితడే. తీసేసి కొత్తది కొందామనుకుంటున్న."

నాకా యంత్రం సంగతి తెలియదు. ఉడకబెట్టిన పసుపును కళ్ళంలో ఎండకే ఆరబోసే ఊళ్ళు మావి, బట్టలు ఒక లెక్కా? గల్ఫ్‌లో లాండ్రీ డ్రయ్యర్లు బాగుచేసి వచ్చిన జగిత్యాల మిత్రుణ్ణి లైన్లోకి తీసుకున్నాను. ఏ కంపెనీది, ఎన్నేళ్ళయింది అని అడగలేదాయన. "తమ్మీ, కింద ఇగ్నైటర్ ఎర్రగ వెలుగుతున్నదా లేదా, గది చూసి చెప్పు" అన్నాడు.

ఆ ఒక్క ప్రశ్న నన్ను బాగా పట్టుకుంది. మనకు పని ఆగితే మనం అడిగే ప్రశ్న అది కాదు. "నా వల్ల కాదేమో" అంటాం, లేదా "అంతా మార్చేస్తా" అంటాం. రెండూ ఒకటే: యంత్రాన్ని విప్పకుండానే తీర్పు.

గ్యాస్ డ్రయ్యర్‌లో వేడి ఒక వరుసలో పుడుతుంది. డ్రమ్ము తిరుగుతుందంటే కరెంటు అందుతున్నట్టే. గ్యాసును అంటించే ఇగ్నైటర్ ఎర్రబడుతుంది. ఆ వేడి పక్కనున్న సెన్సరుకు తగిలితే కరెంటు వాల్వు కాయిల్స్ వైపు మళ్ళుతుంది. వాల్వు తెరుచుకుంటుంది, గ్యాస్ వస్తుంది, భగ్గుమంటుంది. ఇగ్నైటర్ అసలే వెలగలేదా? థర్మల్ ఫ్యూజు పోయి ఉండొచ్చు, ఇగ్నైటరే విరిగి ఉండొచ్చు. వెలిగి, మంట లేకుండానే ఆరిపోయిందా? గోడ దగ్గర గ్యాస్ మర తిప్పి ఉందో లేదో చూడాలి, తర్వాత కాయిల్స్. (గ్యాస్ వాసన వస్తే ఇవేవీ చూడకండి. స్విచ్ ముట్టకుండా బయటికెళ్ళి అక్కణ్ణుంచే గ్యాస్ కంపెనీకి ఫోన్ చేయండి.)

మీ పనినీ ఇలా వరుసగా పెట్టి చూడండి. ఆ న్యూజెర్సీ తమ్ముడికే ఉద్యోగం దొరకట్లేదు. "నాకు లక్కు లేదన్నా" అంటాడు. లక్కు సంగతి తర్వాత. దరఖాస్తు పంపితే పిలుపు వస్తున్నదా? మొదటి రౌండు దాటుతున్నాడా? పిలుపే రాకపోతే దిద్దాల్సింది దరఖాస్తు, ఇంగ్లిష్ మాట్లాడటం కాదు. తెగింది ఒకచోట, ముడి వేసేది ఇంకోచోట అయితే ఎట్లా? సిరిసిల్లలో సాంచా (మరమగ్గం) మీద పనిచేసే ఎవరినైనా అడగండి, తెగిన పోగు దొరికేదాకా చేతులు ఇంకెక్కడికీ పోవు.

ఇంకో రకం జబ్బు తమాషాగా ఉంటుంది. మొదట మంట బాగా వస్తుంది, కాసేపటికి ఆరిపోతుంది, మళ్ళీ అంటుకోదు. వేడెక్కాక పట్టు తప్పే కాయిల్స్ పని ఇది. చల్లగా ఉన్నప్పుడు పరీక్షిస్తే అంతా బాగానే చూపిస్తాయి! జనవరి ఒకటిన వాకింగ్ బూట్లు కొని పదిహేనుకల్లా మూలన పడేసేవాళ్ళను చూడండి. వాళ్ళకు కొత్త స్ఫూర్తి అక్కర్లేదు, మొదటి రోజు మంట వాళ్ళకూ ఉంది. రెండోవారంలో ఏం జరుగుతున్నదో చూడాలి.

అన్నిటికన్నా మోసం చేసేది ఫ్యూజు. అది పోయిందంటే చాలాసార్లు లోపల వేడి బయటికి పోక ఎక్కువైందని అర్థం. కొందరు తీగముక్కతో దాన్ని దాటించి నడిపిస్తారు, ఇల్లు తగలబెట్టుకునే పని అది. ఇంకొందరు కొత్త ఫ్యూజు వేసి ఊరుకుంటారు. వేడిగాలి బయటికి పోయే పైపులో బట్టల నూగు అట్లాగే ఉంటే ఇదీ పోతుంది. 2008–2010 మధ్య అమెరికా ఇళ్ళలో ఏటా దాదాపు 2,900 డ్రయ్యర్ మంటలు లేచాయని అక్కడి ప్రభుత్వ అగ్నిమాపక విభాగం లెక్కగట్టింది, కారణాల్లో మొదటిది శుభ్రం చేయకపోవడం. ఇంట్లో పిల్లల మీద ఊరికే అరుస్తున్నారా? ఆ అరుపు ఫ్యూజే. "కోపం తగ్గించుకుంటా" అని ఒట్టు పెట్టుకునే ముందు ఎన్నాళ్ళ నిద్ర బాకీ ఉందో లెక్క చూసుకోండి.

ఒక్క మాట మాత్రం వ్యక్తిత్వ వికాస పుస్తకాలు చెప్పవు. ఒక్కోసారి మీ యంత్రంలో ఏ లోపమూ ఉండదు, గ్యాసే రాదు. 2017 నుంచి ప్రభుత్వమిచ్చిన బతుకమ్మ చీరల ఆర్డర్లతో ఆడిన సిరిసిల్ల సాంచాలు, 2024లో ఆ చీరలు ఆగేసరికి మూగబోయాయి. ఆ కార్మికుడికి ఆత్మవిశ్వాసం మీద ఉపన్యాసం ఇస్తే నవ్వుతాడు, లేదా ఏడుస్తాడు. గ్యాస్ మర బయట కట్టేసి ఉన్నప్పుడు తనను తాను విప్పుకుని చూసుకోవడం దండగ. నలుగురూ కలిసి మర దగ్గరికి పోవాలి.

వారం తర్వాత తమ్ముడే ఫోన్ చేశాడు. "అన్నా, పైపులకెల్లి బకెటెడు నూగెల్లింది. ఫ్యూజు గూడ మార్చిన. బట్టలు మంచిగ ఆరుతున్నయి."

"మరి ఉద్యోగం?"

"రెండో రౌండు కాడ పోతున్న. గది గూడ రాసుకున్న."