ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలు

ప్రశ్న: వరి రకాల జన్యుక్రమాలపై పీహెచ్‌డీ చేస్తున్నాను. వందల నమూనాలకు ఒక్కో ప్రోగ్రామూ నేనే విడివిడిగా నడుపుతున్నాను. మధ్యలో సర్వర్ ఆగితే ఏది పూర్తయిందో తెలియడం లేదు.
– పరిశోధక విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: లోపం మీ శ్రద్ధలో లేదమ్మా. ఏ ఫైలు దేని నుంచి వచ్చిందో ఎక్కడా రాసి లేకపోవడమే చిక్కు. స్నేక్‌మేక్ నేర్చుకోండి. 2012లో వచ్చిన ఈ ఉచిత సాధనం పైథాన్ తెలిసినవారికి త్వరగా పట్టుబడుతుంది. ప్రతి దశా ఏ ఫైలు తీసుకుంటుంది, ఏది ఇస్తుంది, ఏ కమాండ్ నడవాలి అన్నది రాస్తే వరస అదే తేల్చుకుంటుంది. పని ఆగిపోయినా, మళ్లీ నడిపితే పూర్తయినవి వదిలేసి మిగిలినవే నడుపుతుంది. ముందు రెండు నమూనాలతో డ్రై రన్ (నిజంగా నడపకుండా ఏమేం నడుస్తాయో చూపే పరీక్ష) చేసి చూడండి. సాఫ్ట్‌వేర్ వెర్షన్లు కాండా (ప్యాకేజీలను నిర్వహించే సాధనం) ఫైల్లో రాసిపెట్టడం మాత్రం మరవొద్దు. లేకుంటే, ఆర్నెల్ల తర్వాత ఫలితం మారితే కారణం పట్టుకోవడం నరకం. ముడి డేటాను ఎవరూ మార్చలేని అనుమతులతో ఉంచండి. మెమరీ చాలక పనులు పదేపదే ఆగిపోతుంటే, లాగ్ ఫైలు తీసుకుని సర్వర్ నిర్వాహకులను నేరుగా కలవండి.